ముందు హిచ్: చెరకు ట్రాలీల నుంచి క్యాంపింగ్ పికప్‌ల దాకా

బండికి ముందు భాగాన చాసిస్‌కు బిగించి, మరో బండినో పనిముట్టునో తగిలించడానికి వాడే ఇనుప అమరికే ముందు హిచ్. డ్రైవర్ల నోట ఇది హుక్కు. విదేశాల్లో పికప్ ట్రక్కులున్న వాళ్లు క్యాంపింగుకు వెళ్లేటప్పుడు ట్రెయిలర్‌ను ఇరుకు చోట నిలపడానికీ, సైకిళ్ల స్టాండు మోయించడానికీ, బురదలో దిగబడితే తాడు చుట్టి లాగే వించ్‌తో బయటపడడానికీ దీన్ని పెట్టించుకుంటారు. తెలుగునాట అలాంటి పికప్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ముందు హుక్కున్న బండి మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉంది, అది ట్రాక్టరు. నిజామాబాద్ జిల్లా ఎడపల్లి, బోధన్ చెరకు ప్రాంతంలో ట్రాక్టరుకు ముందూ వెనుకా ఏది ఎక్కడ తగిలించాలో ఏళ్లతరబడి పనిలోనే తేలిపోయింది. పికప్‌కు ముందు హిచ్ బిగించాలనుకునే వాళ్లకు ఆ లెక్కలే పనికొస్తాయి.

ప్రాంతం, రవాణా

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో జానకంపేట దాటాక ఎడపల్లి వస్తుంది. జానకంపేట జంక్షన్ దగ్గర చీలి బోధన్‌కు పోయే రైలు మార్గం మీద కూడా ఇది ఒక స్టేషను. మంజీరా మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931కి పూర్తయింది. కాలువ నీళ్లు రావడంతో ఈ చుట్టుపక్కల వరి, చెరకు పెరిగాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని, నేటికీ క్యాంపులుగా పిలిచే ఊళ్లు కట్టుకున్నారు. 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మారి నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటనతో గానుగ ఆగిపోయింది.

చెరకు పంటకు కోత ఎంత పెద్ద పనో మోత అంతకంటే పెద్ద పని. నరికిన గడ గంటగంటకూ బరువు కోల్పోతుంది, అందులోని చక్కెర కూడా తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డరు ఇచ్చిన రోజునే నరికి, ఆలస్యం కాకుండా కాటా మీదికి చేర్చాలి. సుమారుగా నవంబరు నుంచి మార్చి దాకా సాగే క్రషింగ్ సీజనులో ట్రాలీలు ఫ్యాక్టరీ ముందు బారులు తీరేవి. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చాలామంది వరికి, సోయాకు, పసుపుకు మారారు. చెరకు వదలని వాళ్లకు కామారెడ్డి జిల్లాలో అడ్లూర్ ఎల్లారెడ్డి, మాగి దగ్గరున్న గాయత్రి షుగర్స్ ఫ్యాక్టరీలే దిక్కు. అంటే బరువు అదే, దూరం పెరిగింది. దూరం పెరిగిన కొద్దీ హుక్కు మీద పడే దెబ్బలూ పెరుగుతాయి.

కాడి నేర్పిన లెక్క

ట్రాక్టరు రాకముందు చెరకు ఎడ్లబండి మీదే నడిచింది. అందులో హిచ్ పని చేసేది కాడి. రెండు చక్రాల బండి ఇరుసు మీద నిలబడే త్రాసు లాంటిది. గడలు వెనక్కి ఎక్కువ పేరిస్తే నొగ పైకి లేస్తుంది, కాడి ఎడ్ల మెడల మీదినుంచి ఎగదన్ని పలుపులు గొంతుకు బిగుస్తాయి. ముందుకు ఎక్కువ పేరిస్తే బరువంతా మెడల మీదే పడి, దిగుడులో ఎడ్లు మోకాళ్ల మీద కూలబడతాయి. బరువు ఇరుసుకు కాస్త ముందు, కాడి మీద కొద్దిగా ఆనేటట్టు పేర్చడం బండివాడి నేర్పు.

ఇంజనీర్లు ఇదే లెక్కను ట్రెయిలర్లకు అంకెల్లో పెట్టారు. వెనుక లాగే ఒంటి ఇరుసు ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలంటారు. అంతకు బాగా తగ్గితే వేగంలో ట్రెయిలర్ తోక ఊపుతుంది. బాగా మించితే లాగే బండి వెనుక భాగం కుంగి ముందు చక్రాల పట్టు సడలుతుంది. వెయ్యి కిలోల క్యాంపింగ్ ట్రెయిలర్‌కు హిచ్ మీద 100 నుంచి 150 కిలోలు ఉండాలన్నమాట. నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, బియ్యం మూట ఎక్కడ పెడతారన్నది ఈ అంకెను ఇట్టే మార్చేస్తుంది.

ఫెర్గూసన్ మూడు లింకులు

ట్రాక్టరు వెనుక నేడు కనిపించే మూడు లింకుల అమరిక ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్‌ది. 1926లో ఆయన దీనికి పేటెంటు పొందారు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో ఒప్పందం చేసుకున్నారు, మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు ఇదే అమరికతో మార్కెట్లోకి వచ్చింది. 1946లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన టీఈ20తో ఇది దేశదేశాలకు పాకింది. 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాసే హారిస్‌తో కలిసింది. మన దగ్గర 1960లో మద్రాసులో మొదలైన టాఫే ఆ పరంపరలోని మాసే ఫెర్గూసన్ ట్రాక్టర్లు తయారు చేసింది. ఆ మూడు లింకుల కొలతలు తర్వాత అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి. చిన్న ట్రాక్టర్ల మొదటి కేటగిరీలో కింది లింకుల పిన్ను సుమారు 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19 మిల్లీమీటర్లు. రెండో కేటగిరీలో ఇవి 28, 25. బోధన్‌లో కొన్న కల్టివేటర్ పంజాబ్‌లో తయారైన ట్రాక్టరుకు చక్కగా అమరడం ఈ కొలతల పుణ్యమే.

ఫెర్గూసన్‌కు ముందు నాగలిని ట్రాక్టరు వెనుక గొలుసుతోనో కడ్డీతోనో ఈడ్చేవారు. నాగలి రాయికో వేరుకో తగులుకుంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి డ్రైవరు మీదే తిరగబడేది. ఫెర్గూసన్ అమరికలో పైనున్న టాప్ లింకు ముందుకు నెట్టి ముందు చక్రాలను నేలకు అదిమి పెడుతుంది. పైగా నాగలి లోతు పెరిగి లాగుడు ఎక్కువైతే హైడ్రాలిక్ దానంతటదే నాగలిని కాస్త ఎత్తుతుంది. అయితే ఇది పనిముట్లకు. ట్రాలీకి ఈ రక్షణ లేదు. ట్రాలీని కింద ఉండే డ్రాబార్‌కే తగిలించాలి, అది ఎంత ఎత్తులో ఉందన్నదే ప్రాణాల మీదికి వచ్చే విషయం.

దీన్ని ఒక లెక్కతో చూడవచ్చు. 2,000 కిలోల ట్రాక్టరులో ముందు ఇరుసు మీద 700 కిలోలు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. దిగబడిన ట్రాలీని అది 1,600 కిలోల బలంతో లాగుతోంది. హుక్కు నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ముందు ఇరుసు కోల్పోయేది 1,600ను 0.45తో గుణించి 2తో భాగించినంత, అంటే 360 కిలోలు. ముందు ఇంకా 340 మిగిలింది, స్టీరింగ్ పనిచేస్తుంది. అదే గొలుసును 90 సెంటీమీటర్ల ఎత్తులో, టాప్ లింకు దగ్గర కడితే కోల్పోయేది 720 కిలోలు. ముందు చక్రాలు లేచిపోతాయి. అలా లేచిన ట్రాక్టరు పూర్తిగా తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, డ్రైవరు క్లచ్ నొక్కే లోపే అయిపోతుంది. పొలంలో జరిగే ట్రాక్టరు ప్రమాదాల్లో ఇంత సులువుగా తప్పించగలిగేది మరొకటి లేదు, గొలుసు కిందికి కడితే చాలు.

ట్రాలీ, దాని హుక్కు

తెలంగాణ పల్లెల్లో ట్రాలీలు రెండు రకాలు. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత ట్రాక్టరు హుక్కు మీద మోపుతుంది, దాంతో వెనుక టైర్లకు పట్టు వస్తుంది. నాలుగు చక్రాల దాంట్లో ముందు ఇరుసు తిరిగే బల్ల మీద ఉంటుంది, దానికి కీలుతో పొడవాటి కడ్డీ. అది బరువంతా తనే మోసుకుంటుంది, ట్రాక్టరు మీద దాదాపు ఏమీ పెట్టదు. రెంటిలోనూ తగిలింపు ఒకటే: ట్రాలీ కడ్డీ కొసన ఉన్న రింగును ట్రాక్టరు హుక్కు రెండు రేకుల మధ్యకు తెచ్చి, పైనుంచి పిన్ను దించి, కింద క్లిప్పు పెడతారు.

ఈ రింగును దగ్గరగా చూస్తే ట్రాలీ చరిత్ర తెలుస్తుంది. కొత్తలో గుండ్రంగా ఉన్న కన్నం లాగుడు వైపు అరిగి కోలగా మారుతుంది. పిన్ను నడుము సన్నబడుతుంది. అప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా ట్రాలీ ముందుకొచ్చి ఠంగుమని కొడుతుంది, కదిలినప్పుడల్లా వెనక్కి పోయి మళ్లీ కొడుతుంది. ఆ చప్పుడు వినిపించే దశకు వచ్చిన పిన్నును మార్చడం మానేసి, కొందరు పక్కన పడున్న ఇనుప కడ్డీ ముక్క దూర్చి నడిపేస్తారు. ఎంత బలమో తెలియని ఆ ముక్క మీదే చెరకు లోడు మొత్తం వేలాడుతుంటుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులుండవు గనుక దిగుడులో బరువంతా హుక్కు ద్వారా ట్రాక్టరును ముందుకు తోస్తుంది. పిన్నుతోపాటు ఒక భద్రతా గొలుసు కూడా కట్టుకోవడం ఖర్చు లేని పని. రోడ్డు మీద చూస్తే అది ఉన్న ట్రాలీలు తక్కువే.

ఇక వెనక్కి నడపడం. రెండు చక్రాల ట్రాలీని వెనక్కి తోసేటప్పుడు స్టీరింగ్ ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోతుంది. కొన్నాళ్లలో చేతికి అలవాటవుతుంది. నాలుగు చక్రాల ట్రాలీకి కీళ్లు రెండు, ఒకటి హుక్కు దగ్గర, రెండోది తిరిగే బల్ల దగ్గర. మొదటి కీలు తిప్పింది రెండో కీలు ఇంకోలా తిప్పుతుంది, నాలుగడుగులు పోయేసరికి కడ్డీ అడ్డం తిరుగుతుంది. చేయి తిరిగిన డ్రైవర్లు కూడా ఇంత లోడుతో వెనక్కి వెళ్లమంటే దిగి చుట్టూ చూసుకుంటారు.

ఇక్కడే ముందు హుక్కు అక్కరకొస్తుంది. ట్రాలీని విప్పి, ట్రాక్టరును తిప్పి తెచ్చి, ముందు బంపర్ మధ్యలో ఉన్న హుక్కుకు కడ్డీ తగిలించి ముందుకు నెడతారు. షెడ్డులోకి, పెరట్లోకి, కల్లం మూలకు ట్రాలీని చేర్చడానికి ఇదే సులువు. డ్రైవరు మెడ వెనక్కి తిప్పనక్కరలేదు. ముందు చక్రాలు తిరగగానే ట్రాక్టరు మూతి పక్కకు జరుగుతుంది, దానితోపాటే హుక్కూ జరుగుతుంది గనుక కొద్దిపాటి తిప్పుడుకే ట్రాలీ స్పందిస్తుంది. వెనుక హుక్కుకు ఈ చురుకు లేదు, అది వెనుక ఇరుసుకు దగ్గరగా ఉండి నెమ్మదిగా పక్కకు పోతుంది.

దున్నేవాళ్లకు ముందు హుక్కుతో ఇంకో పని ఉంది. వరి నాట్లకు దమ్ము చేసేటప్పుడు కేజ్ వీల్స్ వేసుకున్నా ట్రాక్టరు దిగబడుతుంది. అప్పుడు మరో ట్రాక్టరు గట్టు మీద నిలబడి వైరు రోప్‌తో దీని ముందు హుక్కు పట్టి లాగుతుంది. దిగబడిన ట్రాక్టరు మూతి కాస్త పైకి లేచి గట్టెక్కడానికి అలా వీలవుతుంది.

మోయడానికి ముందు భాగం ఎందుకు పనికిరాదు

ఐరోపాలో ట్రాక్టరు ముందు కూడా మూడు లింకుల హిచ్ మామూలే. జర్మనీలో యూనిమోగ్, 1970లలో వచ్చిన ఎంబీ-ట్రాక్ వంటి బండ్లు ముందొక పనిముట్టు, వెనుకొకటి పెట్టి ఒకే చాలులో రెండు పనులు చేయించాయి. గడ్డి కోత యంత్రం ముందుంటే కోయని గడ్డిని టైరు తొక్కదు. మన పొలాల్లో ఇది పెరగకపోవడానికి కారణం ట్రాక్టరు నిర్మాణమే. ఇక్కడ ఎక్కువగా ఉన్నవి వెనుక చక్రాలతో మాత్రమే నడిచేవి. వాటి ముందు ఇరుసు సన్నది, మధ్యలో ఒక పిన్ను మీద ఊగేది, స్టీరింగ్ కోసం చేసింది. దాని మీద శాశ్వతంగా బరువు వేలాడదీస్తే బేరింగులు, కింగ్ పిన్నులు తొందరగా పోతాయి. ముందు లోడరు బిగించేటప్పుడు కూడా మంచి తయారీదారులు బంపర్‌కు వదిలేయరు, వెనుక ఇరుసు దాకా పొడవాటి ఫ్రేము వేసి బరువు అక్కడికి పంచుతారు.

ముందు బంపర్ మీద కనిపించే పోత ఇనుము దిమ్మెలు వేరే లెక్క. వెనుక రోటవేటర్ ఎత్తినప్పుడు ముందు తేలిపోకుండా అవి ఆపుతాయి. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు చక్రాల మీద ఉండాలన్నది అంతటా పాటించే నియమం. రోటవేటర్ దించేశాక ఆ దిమ్మెలు తీసేయాలి. తీసే ఓపిక ఎవరికీ ఉండదు.

పికప్‌కు బిగించడం

పికప్ ట్రక్కుల్లో వ్యక్తిగత ప్రయాణాలకు మన దేశంలో ఎక్కువగా పేరున్నవి రెండు. ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ 2016లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారవుతుంది. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది. రెంటి వీల్‌బేస్ కూడా దాదాపు 3.1 మీటర్లు. రెంటికీ నిచ్చెన ఆకారపు చాసిస్ ఉంది. ముందు హిచ్ నిలిచేది ఈ చాసిస్ పట్టీల మీదే. కార్లలా బాడీయే చాసిస్ అయిన బండ్లకు ఇది కుదరదు.

అమెరికాలో దొరికే ముందు హిచ్ కిట్లలో ప్రధాన భాగం చదరపు గొట్టం. లోపలి కొలత 2 అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. ఆ గొట్టంలో ట్రెయిలర్ తగిలించే బాల్ ఉన్న పట్టీ గానీ, వించ్ పలక గానీ, సైకిల్ స్టాండు గానీ దూర్చి 16 మిల్లీమీటర్ల పిన్ను అడ్డంగా వేస్తారు. గొట్టాన్ని మోసే అడ్డ దూలం రెండు కొసలా పలకలుంటాయి, అవి చాసిస్ పట్టీలకు బోల్టులతో బిగుస్తాయి. చాలా మోడళ్లలో టో హుక్కు కోసం కంపెనీ వేసిన రంధ్రాలే ఇందుకు వాడతారు. కొత్త రంధ్రం వేయకుండా కుదిరే కిట్టే మంచి కిట్టు.

పని మొదలుపెట్టేటప్పుడు బంపర్ కింది ప్లాస్టిక్ కవరు విప్పి, రేడియేటర్, ఇంటర్‌కూలర్ ఎక్కడున్నాయో, ఎయిర్‌బ్యాగ్ సెన్సారు వైర్లు ఎటు పోయాయో ముందు చూసుకోవాలి. దూలాన్ని జాకీ మీద లేపి రంధ్రాలకు సరిచూసి, అన్ని బోల్టులూ ముందు చేత్తోనే తిప్పాలి. ఒక వైపు పూర్తిగా బిగించాక రెండో వైపు రంధ్రం రెండు మిల్లీమీటర్లు తప్పిందని సుత్తి తీసుకోవడం మెకానిక్ షాపుల్లో తరచూ చూసేదే. అన్నీ ఎక్కాక మధ్య కొలత సరిచూసి, అప్పుడు టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగిస్తారు.

బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో ఉంటుంది. మొదటి అంకెను వందతో హెచ్చిస్తే అది ఎన్ని మెగాపాస్కల్ లాగుడుకు తెగుతుందో తెలుస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో ఎన్ని పదో వంతుల దాకా సాగకుండా నిలుస్తుందో చెబుతుంది. 10.9 బోల్టు 1,000 మెగాపాస్కల్ దాకా తెగదు, 900 దాకా శాశ్వతంగా సాగదు. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టును సుమారు 80 న్యూటన్ మీటర్లకు, 10.9 బోల్టును 115కు అటూ ఇటూగా బిగిస్తారు. కిట్టుతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. అంకె లేని బోల్టు హిచ్‌కు పనికిరాదు. మొదటి ప్రయాణంలో నూరు కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి, ఎందుకంటే పలకల మధ్య పెయింటు నలిగి బోల్టు కాస్త వదులవుతుంది.

నిజామాబాద్, బోధన్‌లలో ట్రాలీలు కట్టే వెల్డింగ్ షాపుల పనితనానికి వంక పెట్టలేం. ఛానెల్ ముక్కలు కోసి, అతికి, రోజుల్లో లోడు మోసే బండిని నిలబెడతారు. కానీ ట్రాలీ మెత్తటి ఉక్కు, పికప్ చాసిస్ ఎక్కువ బలం కోసం ప్రత్యేకంగా చేసిన ఉక్కు. వెల్డింగ్ వేడి తగిలిన చోట దాని గుణం మారిపోతుంది, అతుకు పక్కనే ఏళ్ల తర్వాత పగులు పుడుతుంది. అతికిన చోటు చూడడానికి గట్టిగానే ఉంటుంది, విరిగేది దాని పక్కన. కాబట్టి హిచ్‌ను షాపులో చేయించుకున్నా, చాసిస్‌కు మాత్రం బోల్టుతోనే కలపాలి.

బరువు లెక్క

కిట్టు మీద సాధారణంగా రెండు అంకెలు రాసి ఉంటాయి. తిన్నగా లాగే బలం వేల పౌండ్లలో, నిలువుగా మోసే బరువు వందల పౌండ్లలో. మొదటిది చూసి మురిసి, రెండోదాన్ని మరిచిపోయే వాళ్లే ఎక్కువ.

స్టాండుతో కలిపి 60 కిలోల సైకిళ్లు ముందు ఇరుసుకు 1.1 మీటర్ల ముందు వేలాడుతున్నాయనుకుందాం. 3.1 మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో ముందు ఇరుసు మీద పెరిగేది 60 కాదు, 81 కిలోలు. ఆ అదనపు 21 కిలోలు వెనుక ఇరుసు నుంచి వచ్చినవి. ఖాళీ పికప్‌కు వెనుక అసలే తేలిక, తడి రోడ్డు మీద అది ఇంకా తేలికవుతుంది. మరోవైపు వెనుక హిచ్ మీద 150 కిలోలు మోపే ట్రెయిలర్ ఉందనుకుంటే, హిచ్ బాల్ వెనుక ఇరుసుకు 1.3 మీటర్ల వెనుక ఉన్నప్పుడు, ముందు ఇరుసు 63 కిలోలు కోల్పోతుంది. అప్పుడు ముందు పెట్టిన సైకిళ్లు ఆ లోటు పూడుస్తాయి. రెండూ కలిసినప్పుడు బండి సమతూకంగా నిలుస్తుందన్నది నిజమే, కానీ మొత్తం బరువు బండికి అనుమతించిన పరిమితిలోపే ఉండాలి.

ముందు వేలాడే సామాను రేడియేటర్‌కు గాలి అడ్డుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ నడుస్తూ, వెనుక ట్రెయిలర్ లాగుతూ ఘాట్ రోడ్డు ఎక్కే బండికి ఇది చిన్న విషయం కాదు. హెడ్‌లైట్ల వెలుగు, డ్రైవరు చూపు కూడా అడ్డుపడతాయి.

బురదలో

దగ్గర్లో వెళ్లే చోటు అలీసాగర్, అది ఎడపల్లి మండలంలోనిదే. గుట్టల మధ్య చెరువు, తోట, జింకల పార్కుతో జిల్లా వాళ్లకు పాత పిక్నిక్ స్థలం. దూరంగా వెళ్లేవాళ్లకు వికారాబాద్ అనంతగిరి కొండలు, ములుగు దగ్గర లక్నవరం ఉన్నాయి. ఇలాంటి చోట్లకు వెళ్లే దారుల్లో వాన పడ్డాక నల్లరేగడి బండిని పట్టేసుకుంటుంది. పొలాల మధ్య దారి అయితే సాయం వచ్చేది ఎక్కువగా ట్రాక్టరే.

ఆ సాయంలో జరిగే తప్పు ఒకటుంది, తాడును హిచ్ బాల్‌కు తగిలించడం. బాల్ సాఫీగా లాగుడు కోసం చేసింది, కుదుపు కోసం కాదు. ట్రాక్టరు జోరుగా లాగినప్పుడు బాల్ మెడ దగ్గర తెగితే అది తాడుతో కలిసి రాయిలా ఎగిరి అద్దం పగలగొట్టి లోపలికి వస్తుంది. విదేశాల్లో ఇలా ప్రాణాలు పోయాయి. బాల్ పట్టీని గొట్టంలోంచి తీసేసి, దాని స్థానంలో డి-షాకిల్ ఉన్న దిమ్మె పెట్టి, 16 మిల్లీమీటర్ల పిన్ను వేసి, తాడు షాకిల్‌కు కట్టాలి. తాడు మధ్యలో తడి గోనె సంచి వేలాడేస్తే తెగినప్పుడు దాని కొస ఎగరకుండా కింద పడుతుంది. దిగబడిన బండి చుట్టూ మనుషులు చేరడం మన ఊళ్లలో తప్పదు, లాగేటప్పుడు మాత్రం తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి. ట్రాక్టరు వైపు గొలుసు ఎక్కడ కట్టాలో పైన చెప్పిన లెక్కే, డ్రాబార్‌కు, అంతకన్నా పైన కాదు.

చట్టం

కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని యజమాని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు అక్రమమని రాష్ట్రాలకు రాసింది. ముందు భాగం ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన చోట గట్టి ఇనుము నిలబడితే, ఆ దెబ్బ లోపలి మనుషులకు, రోడ్డు మీద నడిచేవాళ్లకు పోతుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలన్న సెన్సారు అంచనా కూడా తప్పుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తయారీదారు నమూనాకు భిన్నమైన మార్పులతో ఉన్న వాహనాన్ని నమోదు చేయరాదని తీర్పు చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది.

ముందు హిచ్ పేరు ఈ ఉత్తర్వుల్లో విడిగా లేదు. కానీ చాసిస్ కొసలకు బిగించి ముందుకు పొడుచుకొచ్చే ఇనుప దూలం బుల్ బార్‌కు దగ్గరి చుట్టమే. రోడ్డు మీద పోలీసు, ప్రమాదం తర్వాత బీమా సర్వేయరు దాన్ని అలాగే చూస్తారని అనుకుని నడుచుకోవడమే మేలు. బండి కంపెనీ తన అధికారిక ఉపకరణంగా అమ్మేది ఉంటే అదే కొనాలి, నంబర్ ప్లేటు కనబడాలి, పని లేనప్పుడు గొట్టంలోని పట్టీ తీసి బండిలో పెట్టుకోవాలి. చెడిపోయిన బండిని మరో బండి లాగుతుంటే వాటి మధ్య 5 మీటర్లకు మించి ఉండరాదని 2017 డ్రైవింగ్ నియమాలు చెబుతాయి.

ఎవరికి అవసరం

అమెరికాలో క్యాంపు మైదానాల్లో చెట్ల మధ్య కోసిన ఇరుకు బాటల్లోకి ట్రెయిలర్‌ను వెనక్కి నెట్టాల్సి ఉంటుంది, పడవల వాళ్లకు నీటి ఒడ్డున జారుడు బాట ఉంటుంది. అక్కడ ముందు హిచ్ అర్థవంతం. తెలంగాణలో టెంటు వేసుకునే వాళ్లకు ఈ అవసరం చాలా అరుదు. కంపెనీ ఇచ్చిన ముందు టో హుక్కు, రెండు షాకిళ్లు, మంచి తాడు, వెనుక సక్రమమైన హిచ్, ఇవి ఉంటే సరిపోతుంది. సొంత ట్రెయిలర్ ఉండి, దాన్ని ఇరుకు సందులో ఇంటి పెరట్లోకి చేర్చాల్సిన వాళ్లకు మాత్రం ముందు హిచ్ నిజంగా శ్రమ తగ్గిస్తుంది, అదీ నడక వేగంలో, ఇంటి ఆవరణలోనే. ముందు హిచ్‌కు ట్రెయిలర్ తగిలించి రోడ్డెక్కరాదు. ఆవరణలో ఆ పనికి ట్రాక్టరు కూడా సరిపోతుంది. ఎడపల్లి వైపు క్యాంపింగ్ ట్రెయిలర్ కొనే రైతు ఎవరైనా ఉంటే, షెడ్డులో దాని పక్కన ట్రాక్టరు ఎలాగూ ఉంటుంది. దాని బంపర్ హుక్కుకు బాల్ అమర్చుకోవడానికి ఒక పలక, నాలుగు 10.9 బోల్టులు చాలు.